పెట్టె వెనుక తీగలు

నెల్లూరి నుండి ముంబయికి పోవు రహదారికి ఇరుప్రక్కల, కనిగిరి జలాశయపు నీటితో పండిన వరిచేలు కోతకు వచ్చి వెన్నులు వంచి నిలుచు మార్చి మాసమున, బుచ్చిరెడ్డిపాలెము ప్రాంతపు బియ్యపు మిల్లుల ముంగిట ధాన్యపు ట్రాక్టర్లును లారీలును బారులు తీరుట ఏటేటా చూచునదే. అట్టి యొక ఉదయమున, ఆ చుట్టుపట్ల నున్న ఒక మిల్లు వేబ్రిడ్జి గదిలో నేను కూర్చుండి యుండగా జరిగిన చిన్న సంగతి ఈ వ్యాసమునకు మూలము.

కాటా మీద ట్రాక్టరు నిలిచి యున్నది. గోడకు బిగించిన తూనిక పెట్టెలో ఎఱ్ఱని అంకెలు 6,840 అని నిలకడగా వెలుగుచున్నవి. దానికి మూరెడు దూరమున బల్లమీద నున్న కంప్యూటరు తెరపై, బరువు కనబడవలసిన గడిలో మాత్రము సున్న. గుమస్తా కుఱ్ఱవాడు మీట నొక్కెను; సున్న. కంప్యూటరును ఆర్పి మరల వెలిగించెను, సున్న. "నిన్న సాయంత్రం దాకా బాగనే ఉణ్ణింది సార్, పొద్దున వచ్చి చూస్తే ఇట్టా ఉంది" అని అతడు నా వంక చూచెను. కిటికీ వెలుపల ఎండలో నిలిచిన రైతు చేతివ్రాత చీటీ పుచ్చుకొనుటకు ఒప్పుకొనలేదు. నెల్లూరి సీమలో ధాన్యపు పుట్టి యన 850 కిలోలు. బేరమంతయు పుట్ల లెక్కననే సాగును. తూనికలో ఒక అంకె తారుమారైనచో తన కష్టములో ఎంత భాగము గాలికి పోవునో ఆయన యెఱుగును. "రాసిచ్చేది నాకొద్దు అబ్బయ్యా, మిషను చీటీనే ఇయ్యి, ఎంతసేపైనా నిలబడతా" అనెను. ఇంతలో గదిలో చేరినవారు తలకొక మాట చెప్పసాగిరి. వైరసని ఒకరు, మదర్‌బోర్డు పోయినదని ఒకరు, ఫార్మాట్ కొట్టించిన గాని లాభము లేదని మరియొకరు.

ఫార్మాట్ కొట్టుట యనగా కంప్యూటరు లోపలి సమస్తమును తుడిచివేసి మొదటి నుండి నింపుట. ఆ సీజనుకు సంబంధించిన తూనికల లెక్కలన్నియు ఆ పెట్టెలోనే యున్నవి. దోషమెక్కడ నున్నదో తెలియకముందే ఇంటికి నిప్పు పెట్టి ఎలుకను పట్టుకొన జూచునట్టి ఆ సలహా మన ఊళ్లలో ఎంత సులభముగా నోట వచ్చుచున్నదో చూచి నాకు నిజముగా బాధ కలిగినది. నేనడిగినది ఒక్క ప్రశ్న: నిన్న సాయంత్రమునకును నేటి ఉదయమునకును నడుమ ఈ బల్ల దగ్గర మారిన దేమి? గుమస్తా ఏమియు మారలేదనెను. గుమ్మము దగ్గర చీపురుతో నిలిచిన ఆమె మాత్రము సంకోచించుచు, "బల్ల జరిపి ఊడ్చినా సార్. వైరొకటి ఊడొచ్చింది. మళ్లీ పెట్టేసినా" అని చెప్పినది.

తీగ ఊడినది, తీగ తిరిగి పెట్టబడినది. అట్లయిన ఏమి మారినట్లు? ఈ ప్రశ్నకు జవాబు తెలియవలెనన్న ఆ పెట్టె వెనుక వైపు చరిత్ర కొంత తెలియవలెను.

కంప్యూటరు తానొక్కటే యుండి లోకమునకు చేయగల సేవ స్వల్పము. మీటల ఫలక ద్వారా వినును, తెర ద్వారా చూపును, ప్రింటరు ద్వారా వ్రాయును, స్కానరు ద్వారా చదువును. మిల్లులో కాటా దానికి చేయి, సేవాకేంద్రములో వేలిముద్ర యంత్రము దానికి స్పర్శ. ఈ బాహ్యోపకరణములు దానికి ఇంద్రియముల వంటివి. గత శతాబ్ది ఎనుబదులలోను తొంబదులలోను ఒక్కొక్క ఇంద్రియమునకు ఒక్కొక్క ద్వారము వేఱుగా నుండెడిది. మీటల ఫలకకు ఊదారంగు గుండ్రని రంధ్రము, మౌసుకు ఆకుపచ్చది. ప్రింటరుకు ఇరువదియైదు రంధ్రముల వెడల్పాటి ద్వారము. తూనిక యంత్రములకును మోడెములకును తొమ్మిది సూదులతో నుండు సీరియల్ ద్వారము. ఈ కడపటి దానికి ఆధారమైన ఆర్‌ఎస్-232 అను ప్రమాణము 1960 నాటిది. అరువది ఏండ్లు దాటినను కాటాలు నేటికిని ఆ భాషనే మాటలాడుచున్నవి; సరళమైనది, దృఢమైనది, పొడవైన తీగల మీద కూడ చెడని భాష యది. ఆ కాలమున ఏ తీగ ఏ రంధ్రములో దూరునో ఆకారమో రంగో చెప్పెడిది. ఒకే ఆకారము గల మీటల ఫలక, మౌసు రంధ్రములు తప్ప, తక్కినవానిలో పొరపాటు చేయుదమన్నను తీగ దూరెడిది కాదు.

ఆ సౌకర్యమునకు మూల్యముగా అవస్థలును ఉండెడివి. కొత్త ఉపకరణము తగిలించుటకు ముందు కంప్యూటరును ఆర్పవలెను. కొన్నిటికి పెట్టె విప్పి కార్డు బిగింపవలెను. ఈ చిక్కులన్నిటికి ఒకే ద్వారము పరిష్కారమని తలంచి ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్ మున్నగు ఏడు సంస్థలు కూడి 1996 జనవరిలో ప్రకటించినదే యూఎస్‌బీ. ఇంటెల్‌లో ఆ కృషికి ముందు నిలిచిన ఇంజనీరులలో ప్రముఖుడు అజయ్ భట్, వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివిన భారతీయుడు. 2000లో వచ్చిన రెండవ రూపము సెకనుకు 480 మెగాబిట్ల వేగమును, 2008లో వచ్చిన మూడవ రూపము 5 గిగాబిట్ల వేగమును సాధించినవి. నేడు పెన్‌డ్రైవు మొదలు ప్రింటరు వరకు సమస్తమును ఒకే ఆకారపు రంధ్రములో దూరుచున్నవి. దూరినంతమాత్రమున సంబంధము కుదిరినదని మనము భ్రమపడుటకు కారణమును అదియే.

తీగ దూర్చిన క్షణము నుండి ఉపకరణము పనిచేయు క్షణము వరకు కనురెప్పపాటులో నడుచు తంతును, మన యింటికి క్రొత్త చుట్టము వచ్చినప్పటి మర్యాదతో పోల్చి చెప్పవచ్చును. యూఎస్‌బీ తీగలో సాధారణముగా నాలుగు సన్నని తంత్రులుండును: ఎఱుపుది అయిదు వోల్టుల విద్యుత్తును తెచ్చును, నలుపుది దానిని తిరిగి కొనిపోవును, ఆకుపచ్చయు తెలుపును మాటలను మోయును. ఉపకరణము తగులుకొనగనే మాటలు మోయు తంత్రులలో ఒకదాని వోల్టేజిని స్వల్పముగా పైకి లేపి "వచ్చితిని" అని తెలుపును. ఇది తలుపు తట్టుట. కంప్యూటరు అంతట, "మీదే ఊరు, ఎవరింటివారు, ఏ పని మీద వచ్చితిరి?" అని ప్రశ్నించును. ఉపకరణము తన తయారీదారు సంఖ్యను, తన నమూనా సంఖ్యను, తనకు కావలసిన విద్యుత్తును విన్నవించుకొనును. కంప్యూటరు దానికొక ఆసనసంఖ్యను కేటాయించును. ఒకే ఏర్పాటు క్రింద ఇట్లు 127 మంది అతిథులకు చోటు కలదు. ఇంత జరిగినను అతిథి భాష గృహస్థునకు రాదు. కుంఫిణీ దొరల కాలమున ఈ తీరమున వర్తకమంతయు దుబాసీల నోటి మీదుగా నడచినట్లే, ఇచ్చట కూడ ఇరువురి నడుమ ఒక దుబాసీ కావలెను. ఆ దుబాసీ పేరే డ్రైవరు. చుట్టము వచ్చినను దుబాసీ రాకున్న సంభాషణ లేదు. తప్పుడు దుబాసీ వచ్చినచో సంభాషణ ఉండును గాని అర్థముండదు.

ఇప్పుడు మిల్లు గదికి మరలుదము. ఆ కంప్యూటరు క్రొత్తది. దానికి తొమ్మిది సూదుల పాత ద్వారము లేదు. కాటా నుండి వచ్చు సీరియల్ తీగను ఒక మార్పిడి తీగకు తగిలించి, దాని రెండవ కొనను యూఎస్‌బీ రంధ్రములో దూర్చియుండిరి. ఇట్టి మార్పిడి తీగ తగులగనే విండోస్ దానికొక కల్పిత సీరియల్ ద్వారపు సంఖ్యను, కామ్ 3 అనియో కామ్ 4 అనియో, ఒసగును. చవుక మార్పిడి తీగలలో చాలవాటికి తమ దంటూ ఒక క్రమసంఖ్య ఉండదు. అందుచేత అదే తీగను ప్రక్క రంధ్రములో దూర్చినచో విండోస్ దానిని మునుపటి అతిథిగా గుర్తింపక, క్రొత్త చుట్టమని తలంచి క్రొత్త సంఖ్య నిచ్చును. ఊడ్చిన ఆమె తీగను భద్రముగనే పెట్టినది. ఒక రంధ్రము ప్రక్కకు పెట్టినది. కామ్ 3 కాస్త కామ్ 5 అయినది. తూనిక ప్రోగ్రాము మాత్రము ఎవ్వరును లేని మూడవ గుమ్మము ముందు నిలిచి, లోపలి నుండి బరువు చెప్పుదురేమో యని ఉదయము నుండి ఎదురు చూచుచున్నది. తీగను మునుపటి రంధ్రమునకు మార్చితిమి. తెరపై 6,840 వెలిగినది. రైతు కిటికీ గుండా తొంగిచూచి, తూనిక పెట్టె అంకెతో సరిపోల్చుకొని, అప్పుడు గాని తలపంకింపలేదు.

ఆ తీగకొక రంగు కాగితపు ముక్కను, రంధ్రమునకు అదే రంగు ముక్కను అంటించి వచ్చితిని. ఏ పనిముట్టునకైనను ఇంతకంటె చవుకైన వైద్యము నే నెఱుగను.

మార్పిడి తీగల విషయమున మరియొక్క మాట చెప్పవలసి యున్నది. వీటిలోని చిప్పులకు నకిలీలు బజారులో విరివిగా తిరుగుచున్నవి. 2014 అక్టోబరులో, ఎఫ్‌టీడీఐ అను స్కాట్లండు చిప్పుల సంస్థ విండోస్ అప్‌డేట్ ద్వారా పంపిన క్రొత్త డ్రైవరు, తమ చిప్పులకు నకిలీలైన వాని గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చివేయగా, నాటివరకు పనిచేసిన తీగలు లోకమంతట ఒక్కమాఱుగా మూగవైనవి. గొడవ చెలరేగిన పిమ్మట ఆ డ్రైవరును వెనుకకు తీసికొనిరి. నకిలీ అని తెలియక కొన్నవాడు ఈ తగవులో ఏ పాపము చేసినాడు? నిన్న పనిచేసిన తీగ నేడు అప్‌డేట్ తరువాత పనిచేయకున్న, యంత్రమును శంకించుటకు ముందు ఈ కారణమును తలంచుకొనుట మంచిది.

మన తర్కశాస్త్రజ్ఞులు కారణమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకములను రెండు చూపులను చెప్పిరి. ఏది యున్నచో దోషమున్నదో, ఏది లేకున్నచో దోషము లేదో, అదియే దోషమునకు కారణము. కంప్యూటరు ఉపకరణముల చికిత్సలో దీనిని మించిన సూత్రము లేదు. ప్రింటరు పలుకుట లేదనుకొందము. అదే ప్రింటరును అదే తీగతో వేఱొక కంప్యూటరుకు తగిలింపుము. అచ్చట పలికినచో ప్రింటరును తీగయు నిర్దోషులు. దోషము మొదటి కంప్యూటరులో నున్నది. అచ్చటను పలుకకున్న తీగ మార్చి చూడుము. ఇట్లు ఒక్కొక్కదానినే మార్చుచు పోయినచో మూడు నాలుగు అడుగులలో దోషి ఒంటరియై దొరకును. ఇందలి ప్రాణమంతయు "ఒక్కొక్కదానినే" అను మాటలో నున్నది. తీగయు మార్చి, రంధ్రమును మార్చి, డ్రైవరును తీసివేసి, అన్నియు ఒకేసారి చేసినవాడు బాగుచేసినను బాగుచేసినది ఏదో యెఱుగడు. రేపు అదే జబ్బు వచ్చినప్పుడు మరల మొదటి నుండి తడవుకొనును.

శోధనను ఎక్కడ ఆరంభింపవలెనని అడిగినచో, సంశయము లేకుండ విద్యుత్తునని చెప్పుదును. యూఎస్‌బీ రెండవ రూపపు ద్వారము ఈయగల విద్యుత్తు 500 మిల్లీయాంపియర్లు. నీలిరంగు నాలుక గల మూడవ రూపపు ద్వారము 900 ఈయగలదు. చుట్టు తిరుగు పళ్లెము గల బాహ్య హార్డ్‌డిస్కు ఆరంభములో ఇంతకు మించి కోరవచ్చును. అప్పుడది టిక్కుటిక్కుమని శబ్దము చేసి ఆగిపోవును, మనము డిస్కు పోయినదని గుండె బాదుకొందుము. పెట్టె ముందువైపు రంధ్రములు లోపల సన్నని తీగలతో మదర్‌బోర్డుకు చేరును. వెనుకవైపువి మదర్‌బోర్డు మీదనే యుండును. కావున ముందువైపు మొరాయించినది వెనుకవైపు పనిచేయుట తరచుగా చూతుము. ఒక రంధ్రమును నాలుగు చేయు హబ్బులలో సొంత విద్యుత్తు లేనివి ఆ 500 మిల్లీయాంపియర్లనే నలుగురికి పంచును. ఒక కుంచెడు గింజలతో నాలుగిండ్లకు సంతర్పణ చేయుట వంటిది. రెండవ రూపపు తీగ అయిదు మీటర్లు దాటరాదని ప్రమాణము చెప్పుచుండగా, ప్రింటరును ప్రక్క గదిలో పెట్టి, తీగకు తీగ కలిపి పొడిగించి, పిమ్మట ప్రింటరును తిట్టువారిని చూచితిని.

సెల్‌ఫోను తీగల సంగతి ఇంకను విచిత్రము. చార్జింగు కొఱకే చేసిన చవుక తీగలలో మాటలు మోయు తంత్రులు రెండును ఉండవు. అట్టి తీగతో ఫోనును కంప్యూటరుకు తగిలించినచో ఫోనులో చార్జింగు గుర్తు వెలుగును. ఫొటోలు మాత్రము కనబడవు. ఫోటో స్టూడియోలలో, జిరాక్సు దుకాణములలో "డిటెక్ట్ అవడం లేదు" అని వినబడు మొఱలలో ఎన్ని ఈ తంత్రులు లేని తీగల వలననే పుట్టినవో!

ఎర్తింగు లేని ఇండ్లలో కంప్యూటరు పెట్టె ఇనుప భాగము తాకినప్పుడు వేలికి జివ్వుమనుట అనేకులకు అనుభవమే. అది చిన్న సంగతిగా ఎంచరాదు. కంప్యూటరు ఒక సాకెట్టు నుండియు ప్రింటరు వేఱొక సాకెట్టు నుండియు విద్యుత్తు తీసికొనుచు, రెంటికిని సరియైన భూసంబంధము లేనప్పుడు, ఆ వోల్టేజి భేదము నడుమనున్న డేటా తీగ గుండానే సమానమగుటకు యత్నించును. అకారణముగా సంబంధము తెగుచు కలియుచు నుండును, కొన్నిసార్లు ద్వారమే కాలిపోవును. తుపాను ఋతువున కరెంటు పోవుచు వచ్చుచు నుండు ఈ తీరమున ఎర్తింగు గుంతలో ఏటికొకసారి నీరు పోయించి, ఎలక్ట్రీషియనుతో పరీక్ష చేయించుకొనుట కంటె పెద్ద రక్షణ లేదు. లేజరు ప్రింటరును మాత్రము యూపీఎస్‌కు తగిలింపరాదు. సిరాపొడిని కాగితమునకు కరగించి అంటించు దాని వేడి రోలరు ఒక్కమాఱుగా లాగు విద్యుత్తును చిన్న యూపీఎస్ భరింపజాలదు. మిల్లుల దగ్గర వీటికి తోడు తౌడు ధూళి యొకటి. ఒక యూఎస్‌బీ రంధ్రములోనికి టార్చి వేసి చూచినప్పుడు లోపలి బంగారువన్నె పట్టీల మీద సన్నని తౌడు గోడకు సున్నము కొట్టినట్లు పేరుకొని, దానిలో రెండు చీమలు చచ్చిపడి యుండుట కనబడినది. యంత్రము నార్పి, మెత్తని పొడి కుంచెతో దులిపిన వెంటనే ఆ రంధ్రము బాగుపడినది.

విద్యుత్తును తీగయు నిర్దోషమని తేలిన పిమ్మట దుబాసీని విచారింపవలెను. విండోస్‌లో స్టార్టు గుర్తుపై మౌసు కుడిమీట నొక్కినచో డివైస్ మేనేజరు అను పట్టిక దొరకును. తగిలియున్న ఉపకరణము లన్నియు అందు పేరుపేరున కనబడును. చిక్కున్న దానిమీద పసుపుపచ్చని ఆశ్చర్యార్థకము వెలుగును. దానిని తెరచి చూచినచో ఒక సంఖ్య కనబడును. 28 అన్నచో దుబాసీ అసలే రాలేదు, డ్రైవరు నెక్కింపవలెను. 10 అన్నచో దుబాసీ వచ్చెను గాని పని మొదలు కాలేదు. 43 అన్నచో ఉపకరణమే తనకు బాగులేదని చెప్పుకొన్నది. తీగను, విద్యుత్తును, పిమ్మట ఉపకరణమును శంకింపవలెను. ఇన్ని వేల రూపాయల యంత్రము తన రోగమును తానే సంఖ్యతో చెప్పుచుండగా, దానిని చదువక ఊహలతో చికిత్స చేయుట మన తొందరపాటు తప్ప వేఱు కాదు.

ఇక్కడ ఒక మాయ కలదు. కంప్యూటరును షట్‌డౌన్ చేసి మరల వెలిగించుటయు, రీస్టార్టు చేయుటయు ఒకటేయని లోకుల నమ్మిక. విండోస్ 8 నాటినుండి అది నిజము కాదు. త్వరగా మేలుకొనుటకై షట్‌డౌన్ సమయమున విండోస్ తన అంతరంగ స్థితిని డిస్కులో దాచుకొని, మరునాడు దానినే తిరిగి పఱచుకొనును. నిన్నటి తప్పులును దానితోపాటు లేచివచ్చును. రీస్టార్టులో మాత్రము అంతయు క్రొత్తగా మొదలగును. అందుచేత గుమస్తా ఎన్ని మార్లు ఆర్పి వెలిగించినను తీరని చిక్కు, ఒక్క రీస్టార్టుతో తీరవచ్చును. అట్లును తీరకున్న గోడ సాకెట్టు నుండి తీగ పెఱికి, పవరు మీటను అరనిమిషము అదిమిపట్టి, మరల తగిలింపవలెను. ఆర్పిన కంప్యూటరులో కూడ కొన్ని ద్వారములకు అయిదు వోల్టులు అందుచునే యుండును. మొరాయించిన ఉపకరణమునకు నిజమైన విశ్రాంతి దొరకుట అప్పుడే.

ప్రింటరు ఒక్కటి తక్కిన ఉపకరణములకంటె ఎక్కువ మందిని ఏడ్పించినది. పరీక్షకు హాల్ టికెట్టు కావలసి జిరాక్సు దుకాణమునకు పరుగెత్తుకొని వచ్చిన బాలికను తలంచుకొనుడు. ప్రింటు నొక్కిరి, రాలేదు. మరల నొక్కిరి. పది మార్లు నొక్కిరి. విండోస్ ఈ ఆజ్ఞలనన్నిటిని ఒక వరుసలో నిలుపును. ఆ వరుసను నడపు సేవ పేరు స్పూలరు. మొదటి ఆజ్ఞ చెడి గుమ్మమున అడ్డుపడి యున్నంతకాలము వెనుక నున్న తొమ్మిదియు కదలవు. ఎంత నొక్కిన అంత పొడవగును. అప్పుడు చేయవలసినది సర్వీసుల పట్టికలో ప్రింట్ స్పూలరును ఆపి, విండోస్ సంచయములోని సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అను వరుస ఫోల్డరులలో కడపటిదానిని తెరచి, అందున్న ఫైళ్లను తుడిచి, స్పూలరును మరల నడిపించుట. ఇది రెండు నిమిషముల పని. ఆ బాలిక బస్సు తప్పిపోకుండుటకు రెండు నిమిషములు చాలును. కార్తీకపు వానలలో కాగితపు కట్ట చెమ్మ పీల్చి రెండేసి ఆకులు ఒక్కసారి లోనికి పోవుట, ఆఫ్‌లైన్ అని చూపుచున్న పాత ప్రింటరునకే ఆజ్ఞ పోవుచుండుట, ఇవి వేఱు కథలు, చూపుతోనే తెలియును.

తీగలేని మౌసులు వచ్చిన తరువాత ఈ జబ్బులు పోవునని కొందఱు ఆశించిరి. కాని మూడవ రూపపు యూఎస్‌బీ తీగలు పనిచేయునప్పుడు, ఆ మౌసులు మాటలాడు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగముల చోటనే రొద చేయునని ఇంటెల్ సంస్థయే 2012లో ప్రకటించినది. హార్డ్‌డిస్కు నడుచునప్పుడు మౌసు కుంటినడక నడచినచో, దాని చిన్న గ్రాహకమును నీలి రంధ్రమునకు దూరముగా మార్చిన చాలును.

పాత ఉపకరణముల విషయమున నాకొక పట్టుదల కలదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత ఆదరణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. క్రొత్త విండోస్‌కు మారిన తరువాత కొన్ని పాత స్కానర్లకు తయారీదారులు డ్రైవరు నీయరు. ఏ భాగమును చెడని స్కానరు, దుబాసీ కరవై చెత్తకు పోవుచున్నది. పాఱవేయకముందు లైనక్సు ఎక్కించిన పాత కంప్యూటరునకు దానిని తగిలించి చూడుడు. వదలివేయబడిన స్కానర్లెన్నిటికో స్వచ్ఛందముగా డ్రైవర్లు వ్రాసినవారు లోకమున నున్నారు.

ఇక వేలిముద్ర. 2011లో మీసేవ ఆరంభమైనది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయములు వచ్చినవి. 2020లో నగర పంచాయతీ అయిన బుచ్చిరెడ్డిపాలెము వంటి ఊళ్లలోను, చుట్టునున్న పల్లెలలోను ఆధార్ యంత్రముపై బొటనవ్రేలు మోపనిదే జరుగని పనులు అనేకములైనవి. ఆ చిన్న పెట్టెకు సామాన్యపు డ్రైవరు చాలదు. వేలిముద్ర దొంగిలింపబడకుండుటకై, దానిని రహస్యలిపిలో చుట్టి సంతకముతో పంపునట్టి ఆర్‌డీ సర్వీసు అను ప్రోగ్రామొకటి కంప్యూటరులో నిరంతరము నడువవలెను. 11100 నుండి 11120 వరకు గల అంతర్ద్వారములలో ఒకదానికడ అది కాచుకొని యుండును. వైరసులను పట్టు ప్రోగ్రాము ఆ ద్వారమును మూసినను, కంప్యూటరు గడియారము తప్పినను పని నిలిచిపోవును. తెరపై మాత్రము ఆంగ్లములో ఏదో వాక్యము వచ్చును, బల్ల ఇవతల నిలిచిన వృద్ధులకు చేరు అనువాదము ఒక్కటే: "నీ వేలు పడలేదు."

నాట్లు వేసి, కలుపు తీసి, గిన్నెలు తోమి రేఖలు అరిగిన వ్రేళ్లుండుట నిజమే. అట్టివారికి వేఱొక వ్రేలును, కనుపాపయు, ముఖమును ఆధారములుగా నుంచిరి. కాని ప్రతిసారియు దోషము వ్రేలిదే యనుట అన్యాయము. ఒక సేవాకేంద్రములో, జొన్నవాడ వైపు నుండి వచ్చిన అవ్వ ఒకామె రెండవనాడు కూడ వరుసలో నిలిచి, నాలుగుమార్లు వ్రేలు మోపి, నాలుగుమార్లును కాదనిపించుకొన్నది. కొంగుతో తుడుచుకొన్నది. నీళ్లతో కడుగుకొన్నది. తన వ్రేలి వంక తానే తప్పుచేసినదాని వలె చూచుకొన్నది. నేను బల్ల వెనుకనున్న కుఱ్ఱవానితో, "ముందు నీ ఆధారుతో, నీ వేలు పెట్టి చూడు నాయనా" అంటిని. అతనికి ఇరువదియైదేండ్లుండవు, రేఖలు నిగనిగలాడు వ్రేలు. అతని వ్రేలును పడలేదు.

అప్పుడు తెర మూలనున్న తేదీని చూచితిమి. అది ఎన్నో ఏండ్లు వెనుకకు పోయి యున్నది. మదర్‌బోర్డు మీద, కరెంటు లేనప్పుడు గడియారమును నడపు మూడు వోల్టుల నాణెపు బ్యాటరీ ఒకటుండును, అది అయిపోయినది. రెండు రోజుల క్రిందట రాత్రియంతయు కరెంటు పోయినప్పుడు గడియారము మొదటికి వచ్చినది. ప్రక్క దుకాణము నుండి బ్యాటరీ తెప్పించి మార్చి, తేదీ సరిచేసి, రీస్టార్టు చేయుటకు పావుగంట పట్టినది. అవ్వ అంతవఱకు గోడ నానుకొని కూర్చుండెను. పిలిచినప్పుడు లేచివచ్చి, భయముభయముగా వ్రేలు మోపినది. ఎఱ్ఱని వెలుగు ఒక క్షణము వెలిగి ఆరినది. "పడింది అవ్వా" అని కుఱ్ఱవాడనెను.

"నిన్న ఏలు అరిగిపోయిందంటివే నాయనా" అని ఆమె అడిగినది.

అతడు తల వంచుకొని, "మిషనులో టైము తప్పింది అవ్వా, నీ ఏలు బాగుంది" అనెను. ఆమె చీటీని కొంగున ముడివేసికొని, బొటనవ్రేలిని మఱొకసారి వెలుగులో త్రిప్పి చూచుకొని, ఆటో దొరకునేమో యని రోడ్డు వైపు నడచినది.